ఒకే టేబుల్, నాలుగు తీర్పులు: లండన్‌లో బ్రిటిష్ మాంసం వంటలు ఎవరు ఎక్కడ తింటే మంచిది?

పోయిన వేసవిలో అమ్మానాన్న లండన్ వచ్చినప్పుడు, ఒక ఆదివారం మా ఇంటి దగ్గరి పబ్‌లో సండే రోస్ట్ (ఓవెన్‌లో కాల్చిన మాంసం, దుంపలు, కూరగాయలు, మీద గ్రేవీ) తిందామని తీసుకెళ్ళాను. నలుగురం వెళ్ళాం. నాన్న ల్యాంబ్ చెప్పారు, అమ్మ చికెన్, తమ్ముడు బీఫ్, నేను పోర్క్. నాన్న రెండు ముక్కలు తిని ప్లేటు పక్కకు జరిపారు. "లోపలంతా ఎర్రగా ఉందిరా, సరిగ్గా ఉడకనే లేదు" అన్నారు. అమ్మకేమో ఉడికింది గానీ ఉప్పూ కారం తగల్లేదు. తమ్ముడు గ్రేవీతో సహా ప్లేటు తుడిచేసి, లండన్ వచ్చాక తిన్న భోజనాల్లో ఇదే బెస్ట్ అన్నాడు. నా పోర్క్ అట్టముక్కలా ఎండిపోయి ఉంది.

రాత్రి ఇంటికొచ్చాక ఆ పబ్ రివ్యూలు తీసి చూశాను. అచ్చం మా టేబులే! ఒకరు ఐదు చుక్కలు ఇచ్చారు, ఆ కిందే ఇంకొకరు ఒక్క చుక్క ఇచ్చి జన్మలో మళ్ళీ రామన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు మధ్యాహ్నం పన్నెండింటికి బీఫ్ తిన్నారు, ఇంకొకరు నాలుగున్నరకి టర్కీ కోడి తిన్నారు. అందుకే సగటు చుక్కలు చూసి హోటల్ ఎంచుకోవడం మానేశాను. నేను ఏం తింటాను, నాతో ఎవరు వస్తున్నారు, ఏ వేళకు వెళ్తున్నాం అనేవి ముందు తేల్చుకుంటే, చోటు ఎంచుకోవడం తేలిక.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, ఏ మాంసం తినరు అన్నది. మన ఇళ్ళలో చాలామంది బీఫ్ ముట్టరు. చికెన్ రోస్ట్ చెప్పాం కదా, ఇంకేం గొడవ అనుకుంటారు. బ్రిటిష్ వంటలో బీఫ్ ముక్కల్లోనే కాదు, కొవ్వులో కూడా ఉంటుంది. రోస్ట్ బంగాళాదుంపలు అంత కరకరలాడేది చాలాచోట్ల బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే బీఫ్ కాల్చినప్పుడు కారిన కొవ్వులో, వేయించడం వల్లే. కొన్నిచోట్ల బాతు కొవ్వు వాడతారు. యార్క్‌షైర్ పుడ్డింగ్ పేరు విని అది స్వీటనుకోకండి. గుడ్లు, పాలు, మైదా కలిపిన జారుపిండిని సలసల కాగే కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడితే గిన్నెలా పొంగుతుంది. పాత పద్ధతిలో ఆ కొవ్వు కూడా బీఫ్‌దే. గ్రేవీ అయితే చాలా వంటగదుల్లో ఒకటే కుండ, ఏ మాంసానికైనా అదే పోస్తారు. ఇక సూయెట్ పుడ్డింగ్‌లో మాంసం చుట్టూ ఉండే పిండి కలపడానికి వాడే సూయెట్ అంటే ఆవు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడు "దీంట్లో బీఫ్ ఉందా" అని అడిగి ఊరుకోవద్దు. దుంపలు ఏ కొవ్వులో వేయించారు, గ్రేవీ దేనితో చేశారు, వెజిటేరియన్ గ్రేవీ ఉందా అని మూడూ విడివిడిగా అడగండి. చాలా పబ్బుల్లో వెజిటేరియన్ రోస్ట్ కోసం వేరే గ్రేవీ పెడతారు, అడిగితే అదే పోస్తారు. హలాల్ కావలసిన వాళ్ళయితే, ఇలాంటి చోట్ల అది ఉందని ముందే అనుకోవద్దు. మాంసం సంగతి తేలినా, గ్రేవీలో వైనో బీరో పడే అవకాశం ఉంది.

రెండోది ఎరుపు. నాన్న ల్యాంబ్ పచ్చిది కాదు. ఇక్కడ ల్యాంబ్‌నీ బీఫ్‌నీ లోపల గులాబీ రంగు ఉండగానే దించడం పద్ధతి. ప్లేట్లోకి కారే ఎర్రటి నీరు రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీరు. ముక్కలుగా కొట్టని, రోల్ చుట్టని బీఫ్, ల్యాంబ్ మాంసానికి పైభాగమంతా బాగా కాలితే లోపల గులాబీగా ఉన్నా తినొచ్చని ఇక్కడి ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ చెబుతుంది. చికెన్, పోర్క్, సాసేజ్, కైమా, లివర్, కిడ్నీ మాత్రం లోపలిదాకా ఉడకాల్సిందే. అయితే తినొచ్చని తెలియడం వేరు, నోటికి ఎక్కడం వేరు. ఎముక నుంచి ఊడొచ్చేలా ఉడికిన మటన్ కూర తిన్న నాలుకకు గులాబీ రంగు ల్యాంబ్ నచ్చకపోతే అది ఆ నాలుక తప్పు కాదు, ఆ హోటల్ తప్పూ కాదు.

మూడోది రుచి. ఈ వంటలో మసాలా మాంసం లోపల ఉండదు, ప్లేటు పక్కన ఉంటుంది. ల్యాంబ్‌కి పుదీనా సాస్, పోర్క్‌కి ఆపిల్ సాస్, బీఫ్‌కి హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు సాస్, అన్నిటికీ ఇంగ్లిష్ మస్టర్డ్. చప్పగా ఉందని రివ్యూ రాసేవాళ్ళలో చాలామంది ఆ చిన్న గిన్నెల జోలికే పోయి ఉండరని నా అనుమానం. నార్విచ్ దగ్గర 1814లో మొదలైన కోల్‌మన్స్ మస్టర్డ్ ఒక్క చెంచా చాలు, ముక్కుపుటాలు అదిరిపోతాయి. అది మన ఆవఘాటే. వూస్టర్ సాస్‌లో చింతపండు ఉంటుందని తెలిశాక అమ్మకు ఆ సీసా మీద కాస్త గౌరవం పెరిగింది. చేప తిననివాళ్ళు మాత్రం గమనించండి, అందులో ఆంకోవీ చేపలు కూడా ఉంటాయి.

వేళ, డబ్బు గురించి ఆయా చోట్ల చెబుతాను.

పేటలోని పబ్

అందరికీ అందుబాటులో ఉండేది ఇదే, అనుభవాలు ఇంతగా తేడా వచ్చేదీ ఇక్కడే. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా రోస్ట్ వడ్డిస్తారు. మాంసం పెద్ద ముద్దగా ఉదయమే ఓవెన్‌లోకి వెళ్తుంది. మొదటి గంటన్నరలో వచ్చినవాళ్ళకు రసం ఊరే ముక్కలు పడతాయి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు వేడి తగ్గకుండా పెట్టి పెట్టి ఎండినవి వస్తాయి, లేదా "బీఫ్ అయిపోయింది" అనే మాట వినాలి. నా పోర్క్ అట్టముక్క కావడానికి కారణం మేము నాలుగింటికి వెళ్ళడం. ఇంకా నిజం చెప్పాలంటే, పార్కులో ఫొటోలంటూ ఆలస్యం చేసింది నేనే.

లండన్ పబ్‌లో ఇప్పుడు ఒక రోస్ట్ ప్లేటు సుమారుగా 20 నుంచి 30 పౌండ్లు. బిల్లులో 12.5% సర్వీస్ ఛార్జి చేరడం మామూలే. నలుగురికి వంద పౌండ్లయితే చేతికొచ్చే బిల్లు 112.50. అది ఇష్టపూర్వకమని రాసి ఉంటే, వడ్డన నచ్చనప్పుడు తీసేయమని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి టిప్పులు పూర్తిగా సిబ్బందికే చేరాలని చట్టం ఉంది కాబట్టి, వడ్డన బాగున్నప్పుడు ఇవ్వడానికీ మనసొప్పుతుంది.

పబ్ అంటే తాగుబోతుల అడ్డా అని భయపడే పెద్దవాళ్ళకు ఒక మాట చెప్పండి. 1991లో ఫారింగ్‌డన్‌లో 'ది ఈగిల్' పబ్‌ని ఇద్దరు మిత్రులు తీసుకుని, వంటకు ప్రాధాన్యం ఇచ్చి నడిపారు. గ్యాస్ట్రోపబ్ అనే మాట అక్కణ్ణుంచే వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం పబ్బుల్లో ఉయ్యాలతొట్టిలో పిల్లల నుంచి చేతికర్ర పట్టుకున్న తాతల దాకా అందరూ కనిపిస్తారు.

కార్వరీ

మన పెళ్ళిభోజనాల బఫే లాంటిది. మాంసం కోసేవాడు కౌంటర్ వెనక నిలబడి మనం అడిగిన ముద్దలోంచి ముక్కలు కోసి ప్లేట్లో వేస్తాడు. దుంపలు, బఠాణీలు, క్యారెట్, గ్రేవీ మనమే వడ్డించుకోవాలి. టోబీ కార్వరీ ఈ తరహాలో అందరికీ తెలిసిన గొలుసు హోటల్, ఊళ్ళ అంచుల్లో కారులో వెళ్ళే చోట్ల ఎక్కువ ఉంటుంది. పబ్ రోస్ట్ కంటే చవక. ఆదివారమే కాదు, వారం మధ్యలో కూడా దొరుకుతుంది.

కార్వరీని చులకన చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చేయను. అమ్మానాన్నలాంటి వాళ్ళతో వెళ్తే అన్నిటికంటే క్షేమం ఇదే. ఏ ముద్దలోంచి కోస్తున్నారో కళ్ళముందే ఉంటుంది. "చివరి ముక్క ఇవ్వండి" అంటే బాగా కాలిన అంచు వస్తుంది, ఎరుపు గొడవ ఉండదు. టర్కీ ఉంటుంది కాబట్టి బీఫ్, పోర్క్ రెండూ తిననివాళ్ళకూ దారి ఉంది (గ్రేవీ సంగతి మాత్రం అడగాల్సిందే). రుచి గొప్పగా ఉంటుందని మాట ఇవ్వలేను. దీపాల కింద వేడిగా ఉంచే వంటకు ఒక హద్దు ఉంటుంది. జనం తిరిగే వేళకు వెళ్తే ముద్ద మీద ముద్ద మారుతూ ఉంటుంది, అప్పుడు తాజాగా దొరుకుతుంది.

రూల్స్, కోవెంట్ గార్డెన్

మెయిడెన్ లేన్‌లో 1798లో థామస్ రూల్ అనే ఆయన ఆయిస్టర్ల దుకాణంగా మొదలుపెట్టాడు. లండన్‌లోకెల్లా పాత రెస్టారెంట్ తమదేనని చెప్పుకుంటారు. ఎర్రటి మెత్తటి సీట్లు, గోడల నిండా బొమ్మలు, జంతువుల కొమ్ములు. నవలా రచయిత డికెన్స్ వచ్చేవాడంటారు. ఏడవ ఎడ్వర్డ్ యువరాజుగా ఉన్న రోజుల్లో నటి లిలీ లాంగ్‌ట్రీతో కలిసి ఇక్కడికి వచ్చేవాడంటారు.

స్టీక్ అండ్ కిడ్నీ సూయెట్ పుడ్డింగ్, పైలు, వేటమాంసం ఇక్కడి ప్రత్యేకతలు. గ్రౌజ్ పక్షి వేట ఏటా ఆగస్టు 12న మొదలవుతుంది, కోడి జాతికి చెందిన ఫెజంట్ పక్షి వేట అక్టోబర్ 1 నుంచి. కౌజుపిట్టలు తిని పెరిగినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదనిపిస్తుంది గానీ, ఒక తేడా ఉంది. వేటపక్షుల్ని కొన్ని రోజులు వేలాడదీసి మాగనిస్తారు, దానివల్ల వాసన ఘాటుగా ఉంటుంది. ఇష్టపడేవాళ్ళు దాన్నే రుచి అంటారు, మనవాళ్ళు నీచు అంటారు. ఒక్కోసారి సీసపు గుళ్ళు కూడా పంటికి తగలొచ్చు. సీసంతో వేటాడిన మాంసాన్ని గర్భిణులు, చిన్నపిల్లలు వీలైనంత తగ్గించాలని ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సలహా.

ఖర్చు ఎక్కువే. ఇక్కడ మనం కొనేది సగం భోజనం, సగం ఆ గది. పెళ్ళిరోజుకో, ఊరి నుంచి వచ్చిన అత్తమామలకు "ఇదీ పాత లండన్" అని చూపించడానికో వెళ్ళొచ్చు. రుచికి మాత్రమే డబ్బిచ్చే మనిషైతే ఇంకోచోటు చూసుకోండి.

సెయింట్ జాన్, స్మిత్‌ఫీల్డ్

నాకు చాలా ఇష్టమైన చోటు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను. 1994లో ఫెర్గస్ హెండర్సన్, ట్రెవర్ గలివర్ మాంసం మార్కెట్ పక్కనే, ఒకప్పుడు పోర్క్‌కి పొగబెట్టిన భవనంలో దీన్ని తెరిచారు. హెండర్సన్ చదివింది ఆర్కిటెక్చర్. తెల్లటి గోడలు, అలంకారం ఏమీ లేదు. జంతువుని ముక్కు నుంచి తోక దాకా వృథా చేయకుండా వండటం వాళ్ళ సిద్ధాంతం. 2009లో మిషెలిన్ స్టార్ (మంచి హోటళ్ళకు మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు) వచ్చింది.

ఇంగ్లిష్ వాళ్ళు దీన్ని చాలా సాహసంగా చెప్పుకుంటారు. గుండె, నాలుక, కిడ్నీ, పంది చెవులు తినడమంటే వాళ్ళకు ధైర్యం కావాలి మరి. తలకాయ కూర, బోటి, కార్జం, పాయా తిని పెరిగిన తెలంగాణ పిల్లాడికి ఏం సాహసం? అక్కడ ఎక్కువ పేరున్న వంటకం కాల్చిన మూలుగ ఎముకలు, పక్కన కొత్తిమీరలా కనిపించే పార్స్లీ ఆకుల సలాడ్, కాల్చిన బ్రెడ్, గళ్ళుప్పు. సన్నటి చెంచాతో మూలుగు లాగి బ్రెడ్ మీద రాసి, ఉప్పు చల్లుకుని తినాలి. నల్లిబొక్కను నోటితో పీల్చే అలవాటున్నవాళ్ళకు ఆ చెంచా అడ్డమనిపిస్తుంది. కానీ అవి దూడ ఎముకలు. బీఫ్ తిననివాళ్ళకు ఈ హోటల్ పేరుపొందిన వంటకమే దక్కదు. మెనూ రోజూ మారుతుంది కాబట్టి వెళ్ళేముందు చూసుకోవడం తప్పనిసరి. చేపలు, కోడి, వేటపక్షులు కూడా వస్తుంటాయి.

మెనూలో వంటకం పేరు రెండు మూడు మాటల్లోనే ఉంటుంది, ప్లేటు కూడా అంత పొదుపుగానే వస్తుంది. "ఇంత డబ్బుకి ఇంతేనా" అనుకునేవాళ్ళు ఉంటారు. ఎంత పెట్టారని చూసేవాళ్ళు ఇక్కడికి రావద్దు, ఎలా వండారని చూసేవాళ్ళు రావాలి.

హాక్స్‌మూర్

2006లో స్పిటల్‌ఫీల్డ్స్‌లో మొదలైన స్టీక్ హోటల్, తర్వాత చాలా శాఖలయ్యాయి. బీఫ్ తినేవాళ్ళకు సండే రోస్ట్ ఇక్కడ నమ్మకంగా ఉంటుంది: ముందు బొగ్గుల మీద, తర్వాత ఓవెన్‌లో. బీఫ్ తినకపోతే మీ డబ్బుకి ఇక్కడ పెద్దగా పనిలేదు. పెద్ద స్టీకుల ధర 100 గ్రాముల లెక్కన బోర్డు మీద రాస్తారు. ఎనిమిది, తొమ్మిది వందల గ్రాముల ముక్క చెప్పేముందు గుణించుకోండి. బిల్లు చూశాక టెన్షన్ పడి లాభం లేదు.

పై అండ్ మ్యాష్ దుకాణం

'పై' అని తెలుగులో రాస్తే విభక్తిలా కనిపిస్తుంది గానీ, వస్తువు సులువే: పెద్ద కజ్జికాయలో కైమా కూర పెట్టి కాల్చినట్టు ఉంటుంది. తూర్పు, దక్షిణ లండన్ కూలిజనం తిండి ఇది. టవర్ బ్రిడ్జ్ రోడ్డులోని ఎం. మాంజే దుకాణం ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం 1902 నుంచి నడుపుతోంది. ఆకుపచ్చ తెలుపు టైల్స్, పాలరాతి బల్లలు. బీఫ్ కైమా పై, మెదిపిన బంగాళాదుంప, మీద 'లిక్కర్' పోస్తారు. కంగారు పడకండి, అది మందు కాదు, పార్స్లీ ఆకుల పచ్చటి సాస్. పక్కన మిరపకాయలు వేసిన వెనిగర్ ఉంటుంది, ధారాళంగా పోసుకోవడం ఇక్కడి మర్యాదే.

చవక, వేడి, పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది. రూల్స్‌లో ఆశించేది ఇక్కడ ఆశిస్తే నిరాశ తప్పదు. విద్యార్థులు ఒక్కసారైనా వెళ్ళాలి.

ఒక్కచోట చూడాలంటే

| చోటు | బీఫ్ తిననివాళ్ళకు | బాగా ఉడకాలి అనేవాళ్ళకు | ఖర్చు | వెళ్ళాల్సిన వేళ |
|---|---|---|---|---|
| పేటలోని పబ్ | కొవ్వు, గ్రేవీ అడిగితే సరే | చికెన్, పోర్క్ | మధ్యస్థం | ఆదివారం 12 నుంచి 1:30 |
| కార్వరీ | టర్కీ ఉంటుంది | చాలా అనుకూలం | తక్కువ | జనం ఉన్నప్పుడు |
| రూల్స్ | వేటపక్షులు | పుడ్డింగ్, పై (బీఫ్ తింటేనే) | ఎక్కువ | శరదృతువు |
| సెయింట్ జాన్ | ఆ రోజు మెనూ చూసి | వంటకాన్ని బట్టి | ఎక్కువ | మధ్యాహ్నం, తీరిగ్గా |
| హాక్స్‌మూర్ | దండగ | వెల్ డన్ అంటే ఇస్తారు | ఎక్కువ | ఆదివారం |
| పై అండ్ మ్యాష్ | వెజ్ పై ఉందేమో అడగాలి | అనుకూలం | బాగా తక్కువ | మధ్యాహ్నం |

ల్యాంబ్ కావాలి, ఎరుపు వద్దు అంటే

నాన్నలాంటి వాళ్ళ సమస్య ఇదే కాబట్టి విడిగా చెబుతున్నాను. రోస్ట్ వదిలేసి, చాలాసేపు ఉడికే వంటకాల వైపు వెళ్ళండి. ల్యాంబ్ షాంక్ అంటే కాలి పిక్క భాగం, గంటల తరబడి ఉడికి ఎముక వదిలేస్తుంది. లాంకషైర్ హాట్‌పాట్‌లో ల్యాంబ్, ఉల్లిపాయ మీద బంగాళాదుంప బిళ్ళలు పరిచి నిదానంగా కాలుస్తారు. షెపర్డ్స్ పైలో ల్యాంబ్ కైమా మీద మెదిపిన దుంప పొర ఉంటుంది. బీఫ్‌తో చేస్తే దాన్ని కాటేజ్ పై అనాలి. కానీ కొన్నిచోట్ల బీఫ్ పెట్టి కూడా షెపర్డ్స్ అనే రాసేస్తారు. గొర్రెల కాపరి పేరు ఉంది కాబట్టి గొర్రే అని నమ్మి మోసపోకండి, అడగండి. ఇంకొకటి: ఇక్కడ ల్యాంబ్ అంటే ఏడాది లోపు గొర్రెపిల్ల. మన మేకమాంసం రుచి అందులో రాదు, రావాలని చూడకండి.

రివ్యూలు ఎలా చదవాలి

చుక్కలు వదిలేసి ముందు వంటకం పేరు వెతకండి. ఏ రోజు, ఏ వేళ వెళ్ళారో చూడండి. క్రిస్మస్‌కీ, మార్చి ప్రాంతంలో వచ్చే ఇక్కడి మదర్స్ డేకీ వంటగదులు కిక్కిరిసి ఉంటాయి, ఆ రోజుల రివ్యూలతో మామూలు రోజుని అంచనా వేయలేం. "పచ్చిగా ఉంది" అని ఒకరు, "ఎక్కువ ఉడికింది" అని ఒకరు రాస్తే రెండూ కొట్టేయండి. "చల్లగా వచ్చింది", "నలభై నిమిషాలు ఎదురుచూశాం" అని వేర్వేరు నెలల్లో నలుగురు రాస్తే మాత్రం నమ్మండి. అది నాలుకల తేడా కాదు, వంటగది తేడా. తలుపు మీద 0 నుంచి 5 దాకా అంకె ఉన్న శుభ్రత స్టిక్కర్ రుచి గురించి ఏమీ చెప్పదు. అయినా నేను చూస్తాను. వేల్స్‌లో అది అంటించడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో కాదు, కాబట్టి కనిపించకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్‌లో హోటల్ పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఇక ప్లేటు నచ్చకపోతే రెండు ముక్కలు తిన్న వెంటనే చెప్పాలి. నాన్న ఆ రోజు "ఎందుకులే, వాళ్ళేమనుకుంటారో" అని ఊరుకున్నారు. వెయిటర్ వచ్చి ఎలా ఉందని అడిగితే మేమంతా "వెరీ గుడ్" అన్నాం కూడా! చెప్పి ఉంటే ఆ ముక్కల్ని ఇంకాసేపు కాల్చి తెచ్చేవారు, ఇక్కడ అది అవమానం కాదు.

వచ్చే నెలలో అమ్మానాన్న మళ్ళీ వస్తున్నారు. ఈసారి ఆదివారం కాదు, బుధవారం సాయంత్రానికి వేరే పబ్‌లో టేబుల్ చెప్పాను. షెపర్డ్స్ పైలో ల్యాంబే వేస్తారని ఫోన్ చేసి కనుక్కున్నాను. నాన్న సరేనన్నారు. అమ్మ మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లో చిన్న సీసాతో ఆవకాయ తెస్తానంటోంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.